పదోది

తెల్లవారుజాము నాలుగున్నరకి బేకరీ వెనక తలుపు దగ్గర
బ్రెడ్డు ట్రేలు అందిస్తూ నోరీన్ అడుగుతుంది:
"ఇంకెన్ని మిగిలాయి?"
మూడు, అంటాను.
పన్నెండూ నిండితే ఆర్నెల్లు స్టీరింగ్ ముట్టకూడదు.
లీట్రిమ్‌లో మా ఊరికి బస్సు మంగళవారం వస్తుంది,
వస్తే.

మొదటి మూడూ కారిక్ దాటాక.
యాభై అని బోర్డున్న చోట అరవై మూడు.
పొదల పక్కన కెమెరా వ్యాను
కొంగజపం చేస్తోంది, నేను చూడలేదు.

తర్వాతి మూడూ ఫోనుకి.
ఆవు ఈనుతోంది, దూడ అడ్డం తిరిగింది, అని మా ఆవిడ కేకలు.
గార్డా అద్దం దించమన్నాడు.
దూడ బతికిందా అని అడిగి
మరీ రాశాడు.

ఇంకో మూడు బెల్టుకి.
పద్దెనిమిది కొట్లు, పద్దెనిమిదిసార్లు దిగడం ఎక్కడం,
ఎన్నిసార్లని కట్టను?
ఆపిన పిల్ల మా పిన్ని మనవరాలే.
"తప్పదు కోల్మన్," అంది, చెవులు ఎర్రబడగా.

ఇప్పుడు నా వెనక ట్రాక్టరు కూడా హారన్ కొడుతుంది.
ముల్లు నలభై ఏడు దాటదు.

మార్చి పద్నాలుగుకి మొదటి మూడూ రాలిపోతాయి.
సర్కారు వారి జ్ఞాపకం మూడేళ్ళే.
వంటింటి క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ
మా ఆవిడ ఎర్రగా సున్నా చుట్టింది.

పదోదొకటి ఉంది.
ఏ చిట్టాలోనూ ఎక్కలేదు.
నవంబరు, మునిమాపు, ఫెనా దారిలో మలుపు.
వేగం నలభై. బెల్టు ఉంది. ఫోను జేబులో ఉంది.
నేనే లేను.
రేపటి బన్నుల లెక్కో ఏదో.
ముందొక చక్రం, దీపం లేని సైకిలు, ఒక మొహం.
బ్రేకు.
ట్రేలన్నీ నా వీపు మీదికి.
కాలవలోంచి లేచాడు పిల్లాడు,
మోకాలు దులుపుకుని "సారీ" అన్నాడు.
వాడు, నాకు.
తలుపు తెరుచుకుని రోడ్డు మీద దొర్లిన బ్రెడ్లు
ఒక్కొక్కటీ ఏరి చేతికిచ్చి
సైకిలు నడిపించుకుంటూ పోయాడు.
నా నోరు పెగల్లేదు.

ఏడేళ్ళయింది.
ఇయార్లా ఇప్పుడు మోహిల్ కొట్లో సరుకు దించుకుంటాడు.
నాకన్నా జానెడు పొడుగు.
గుర్తుందా అని నేనడగలేదు.
నిన్న రసీదు మీద సంతకం పెడుతూ అన్నాడు:
"అప్పుడు నీ వ్యాను నీలం రంగు కదూ."
అవును, అన్నాను.
పెన్ను తిరిగిచ్చాడు.

బెల్టు పెట్టుకుని అలాగే కూర్చున్నాను,
వెనక పాల లారీ వాడు
మూడోసారి హారన్ కొట్టేదాకా.