సోమవారం సెలవు

సోమవారం మ్యూజియం మూసేస్తారు.
ఆ రోజే నాకు పని.

తోటపాలెం దాటాక పాత గోగునార గోదాము.
ఇప్పుడు దానికి రంగేసి, గాజు తలుపు పెట్టి
అలనాటి బళ్ళని వరసగా నిలబెట్టారు.
ఎంత తుడిచినా పైకప్పు సందుల్లోంచి
పీచు రాలుతూనే ఉంటుంది
ఫోర్డు కారు నెత్తిమీద, తెల్లటి నూగులా.

వారానికోసారి ఇంజన్లు తిప్పకపోతే
బిగుసుకుపోతాయి, నా మోకాళ్ళలాగే.
హేండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు
మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి.
చుట్టూ మెలేశావా,
బండి ఎదురు తన్నిందంటే మణికట్టు పుటుక్కు.
ఇది పుస్తకంలో చదివింది కాదు.
మా నాన్న సన్యాసప్పడు వంకర చేత్తో
చోడి అంబలి కలుపుతుంటే చూసి నేర్చుకున్నాను.

గోడమీద ఒక ఫొటో.
స్టీరింగు దగ్గర దొరగారు, తలపాగా, మీసం.
కింద ఆయన పేరు, బిరుదు, కారు కొన్న సంవత్సరం.
ముందు వంగి హేండిల్ తిప్పుతున్న మనిషిది
వీపే పడింది.
చెమటకి చొక్కా అంటుకుపోయిన వీపు.
మా అమ్మ ఒక్కసారి చూసి "మీ అయ్యే" అంది.
ఎలా తెలిసిందని నేనడగలేదు.

పక్కన జీపు.
"రణరంగంలో విశేష సేవలందించినది" అని బోర్డు.
నాకు తెలిసి అది చేసిన యుద్ధమల్లా
పలాస నుంచి జీడిపిక్కల బస్తాలు మోయడం,
రెండు ఎన్నికల్లో మైకు కట్టుకుని అరవడం.
రెండుసార్లూ ఓడిపోయింది.
చూడ్డానికొచ్చినవాళ్ళకి నేనేం చెప్పను.
జీపుకీ పరువుంటుంది కదా.

తొట్టి మోటారుసైకిలు మాత్రం నిజంగా పనిచేసింది.
కాంపౌండరు నడిపేవాడు.
ఒళ్ళో లాంతరు పెట్టుకుని తొట్టిలో మంత్రసాని దాలమ్మ.
నాగావళి ఇసకలో చక్రం దిగబడితే
దిగి తోసేదట, కాంపౌండరు వంశం మొత్తాన్ని తిడుతూ.
అలాంటి ఒక రాత్రి పుట్టినవాడికి
మోటారప్పడని పేరు పెట్టారు.
వాడికి సైకిలు తొక్కడం కూడా రాలేదు.

చివర్న మిలటరీ లారీ.
దీన్ని నేను తిప్పను.
బానెట్ కింద ఏమీ లేదు,
ఇంజను ఎవరో ఎప్పుడో అమ్ముకు తిన్నారు.
పచ్చరంగు మాత్రం కొత్తది.

మొన్న సోమవారం ఒకామె
గాజు తలుపుకి మొహం ఆనించి నిలబడింది.
"తలుపు తియ్యి బావూ."
ఇవాళ సెలవమ్మా, అన్నాను.
"తెలుసు. మందిలో నాను రాలేను."

పేరు తవిటమ్మ. కవిటి నుంచి మూడు బస్సులు మారింది.
వాళ్ళాయన పట్టాళంలో తోలింది ఇలాంటి బండేనట,
చైనా గొడవప్పుడు.
ఉత్తరం రాస్తే సగం దాని ఊసే.
"ఓపాలి నిన్ను పక్కన కూకోబెట్టి తిప్పుతాననీవోడు."
అంతవరకే చెప్పింది.

"ముట్టరాదు" అట్టముక్కని తీసి బల్లకింద పెట్టాను.
నూనె డబ్బా మెట్టులా వేస్తే ఎక్కింది.
ఎక్కి, కుచ్చిళ్ళు సర్దుకుని
ఎడమ సీట్లో కూర్చుంది.
కుడివైపు చూడలేదు.
ముందద్దంలోంచి
సున్నం గోడకేసి చూస్తూ ఉండిపోయింది.

కాసేపు గుడ్డ పట్టుకుని తిరిగాను.
తుడిచిందే తుడిచాను.
తర్వాత ఫోర్డు దగ్గరికెళ్ళి
బొటనవేలు సరిచూసుకుని వంగాను.

మూడో తిప్పుకి అందుకుంది.
గోదామంతా దడదడ. పీచు జలజలా రాలింది.
ఫొటోలు గోడమీద వణికాయి.
లారీ తలుపులూ, రేకులూ, ఖాళీ బానెట్టూ అన్నీ
దాని కడుపులోనే ఏదో రాజుకున్నట్టు అదిరాయి.
తవిటమ్మ ఒక చేత్తో
కిటికీ చట్రాన్ని గట్టిగా పట్టుకుంది,
మలుపు వస్తోందని ఎవరో చెప్పినట్టు.

మంగళవారం పొద్దున్నే మేనేజరు గారడిగారు,
లారీ అంతా పీచు పడితే
ఎడమ సీటొక్కటే శుభ్రంగా ఉందేమిటని.
పిల్లి పడుకుందండీ, అన్నాను.