కుక్క వాటా

పక్షిని కోసేటప్పుడు కందనకాయ కుక్కది.
మా ఇంట్లో రాయని చట్టం అదొక్కటే.
నాన్న, ఇంగ్వాల్డ్, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని
వెచ్చటి కడుపులోంచి దాన్ని లాగి
చూడకుండానే వెనక్కి విసిరేవాడు.
అది నేలను తాకిన చప్పుడు ఏనాడూ వినలేదు నేను.
టక్కర్ అంత నమ్మకమైన కుక్క.

కిందటి అక్టోబరులో
మిల్క్ నదికి ఎగువన, గోధుమ మోళ్ల అంచున
జూనిపర్ పట్టుకొచ్చింది ఒక ముసలి ఫెజెంట్ పుంజుని.
కాలి ముళ్లు అంగుళం పొడుగు.
కందనకాయ విసరబోయి ఆగాను.
మనసు కీడు శంకించిందని చెప్పను, అలాంటిదేం లేదు.
కత్తి చేతిలోనే ఉంది, అంతే.

లోపల
నానిన గోధుమలు, అడవి గులాబి కాయల తొక్కలు,
మిడత కాలు ఒకటి,
ఎర్రటి గులకరాళ్లు పదో పన్నెండో.
రాళ్లు తిని హరాయించుకునే వయసు అంటారే,
ఈ పక్షికి బతుకంతా అదే వయసు.
ఆ రాళ్ల మధ్య ఒకటి నల్లగా,
అరిగి అరిగి కందిబద్దంత పలచనై.

ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం చూపించాను. పలకలేదు.
దాణా కొట్టు బిల్లు వెనక గీసి చూశాను.
బూడిదరంగు గీత పడింది,
పెన్సిలు గీతలా, బుద్ధిగా.

ఎవరు పేల్చిన సీసమో!
ఆ పొలంలో నలభై ఏళ్లు పేల్చింది నాన్న,
పదమూడో ఏటి నుంచి ఆయన పక్కన నేను.
ఒక్క తూటాలో రెండొందల పైన గుండ్లు.
పక్షికి తగిలేవి నాలుగో ఐదో.
తక్కినవి ఎటు పోయాయని
మేం ఎప్పుడైనా అడిగితే కదా.

చివరి చలికాలం టక్కర్ వెనక కాళ్లు వణికేవి.
గిన్నె ముట్టేది కాదు.
వయసు, అన్నాడు డాక్టరు.
పద్నాలుగేళ్ల కుక్క. వయసే అయి ఉంటుంది.
వయసే అయి ఉంటుందని
ఆ రాత్రి బిల్లు వెనక గీతను చూస్తూ
ఎన్నిసార్లు అనుకున్నానో.

డెల్బర్ట్ క్వామె కొట్లో ఉక్కు తూటాలు చవక.
"నీ తుపాకీకి వద్దు," అన్నాడు.
నాన్నది పదహారు గేజి, జంట గొట్టాలు,
నా కన్నా ముప్పై ఏళ్లు పెద్దది.
"ఆ ఇరుకు కొసల్లోంచి ఉక్కు దూరితే
గొట్టమే ఉబ్బుతుంది. కొత్తది కొనుక్కో.
లేదంటే ఇదిగో, బిస్మత్."
ధర మీద బొటనవేలు అడ్డం పెట్టి పెట్టె చూపించాడు.
టంగ్‌స్టన్ మాటెత్తితే నవ్వాడు.
"దానికైతే ముందు ఒక ఆవుని అమ్ముకుని రా."

సీసం కన్నా తేలిక, ఉక్కు కన్నా బరువు.
ఒక సైజు పెద్ద గుండు తీసుకో,
దూరానికి ఆశపడకు, కుక్కను నమ్ముకో.
అతను చెప్పింది అంతే.
ఇంటిదారి పొడుగునా లెక్క కట్టాను.
పేల్చిన ప్రతిసారీ ఒక కాఫీ, దాంతోపాటు డోనట్.

మర్నాడు స్నోబెర్రీ పొద ముందు
జూనిపర్ బిగుసుకుపోయింది,
కాలెత్తి, ఎత్తిన సంగతి మరిచిపోయి.
పుంజు లేచింది. దూరం.
తుపాకీ భుజానికి వచ్చింది, వేలు రాలేదు.
కుక్క తిరిగి నన్ను చూసింది.
ఆ చూపు మా నాన్న దగ్గరే నేర్చుకుని ఉండాలి,
ఆయన్ని ఎన్నడూ చూడకపోయినా.

రెండోది దగ్గరగా లేచింది. పడింది.

సాయంత్రం అదే బకెట్టు.
కందనకాయ చీల్చి, రాళ్లు దులిపి,
దీపం కింద ఒక్కొక్క రాయీ తిప్పి చూసి,
కడిగి, మళ్లీ కడిగి.
వెనక నుంచి జూనిపర్ సణుగుడు.
ఇంత ఆలస్యం టక్కర్ ఎరగదు.

షెడ్డులో నాన్న సీసం తూటాలు
ఇంకా పదకొండు పెట్టెలున్నాయి.
మూతల మీద ఆయన పెన్సిలు రాత: ధర, సంవత్సరం.
ఎవరికైనా ఇస్తే వాళ్లు పేలుస్తారు.
పాతిపెడితే నేల దాచుకోదు.
వాటి మీద దుమ్ము తుడిచి
మళ్లీ అక్కడే పెడుతున్నాను.