నాలుగు మూలలు, ఒక తాడు

ఉలాన్‌బాతర్‌లో అలమరాలు బిగించడం నా పని.
టేపు, డ్రిల్లు, సంచీడు మేకులు.
నవంబరులో ఒకరోజు ఏడో అంతస్తు నుంచి పిలుపు.
దులాంసురెన్ అవ్వకి డెబ్బై నాలుగేళ్లు.
గుండ్రటి గుడారంలో పుట్టింది,
గుండ్రటి గుడారంలో కాపురం చేసింది,
పోయిన నెలే ఈ నలుచదరపు గదిలోకి వచ్చింది.

సామానంతా గది నడిమధ్య కుప్పగా ఉంది.
గోడల దగ్గర చెంచా కూడా లేదు.
"ఇంకా సర్దుకోలేదేం అవ్వా?" అన్నాను.
"మూలలున్నాయి" అంది,
పాములున్నాయి అన్నట్టు.

"మా ఇంట్లో మూలపడ్డ వస్తువంటూ ఉండేది కాదు.
మూలే లేదు, ఎక్కడ పడుతుంది?
దువ్వెన దగ్గర్నుంచి గుర్రపు జీను దాకా
అన్నీ పొయ్యి చుట్టూ కూర్చుని
ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి.
ఏడాదికి నాలుగుసార్లు ఇల్లు విప్పి కట్టేవాళ్లం.
మోకాళ్ల మీద కూర్చున్న ఒంటె
మెడ తిప్పి ప్రతి మూటనీ చూసేది.
దాని కళ్లలోకి చూసి ఎత్తలేని మూట
అక్కడే, గడ్డిలో ఉండిపోయేది."

నేనూ నా విద్య చూపించాను.
అర్ధచంద్రంలా కోసిన చెక్క,
మూలకి అడ్డంగా బిగిస్తే గది గుండ్రమవుతుందని.
ఆమె వంగి చెక్క వెనక్కి తొంగిచూసింది.
"మూల ఎక్కడికీ పోలేదు. లోపల పెట్టి తలుపేశావు.
ఇంకేం, ఎలక్కి కూడా ఫ్లాటొచ్చింది."

విప్పేశాను. నాలుగు మేకులు వంకరపోయాయి.

ఆపైన ఆమె చెప్పింది, నేను చేశాను.
ముందు దిక్కులు.
తలుపు ఎటుంటే అదే దక్షిణం.
"కానీ సూర్యుడు..." అన్నాను.
"ఆయనే సర్దుకుంటాడు."

ఎడమ పక్క జీను, కళ్లెం.
కుడి పక్క గిన్నెలు.
తలుపుకి ఎదురుగా, అందరికంటే పెద్దదానిలా,
నారింజరంగు పెట్టె.
అందులో ఏముందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

గుడారం గోడలోంచి తెచ్చుకున్న అల్లిక ఒకటి,
సన్నటి కర్రల్ని ఒంటెతోలుతో ముడేసిన జల్లెడలాంటిది,
దాన్ని సిమెంటు గోడకి నిలబెట్టాను.
ఒక కంతలో గరిటె, ఒక కంతలో కత్తెర,
కళ్లజోడు, రక్తపోటు మాత్రలు, కరెంటు బిల్లు,
టీవీ రిమోటు పైవరసలో, మనవడికి అందకుండా.
నేను కట్టిన ఏ అలమరాకీ అన్ని కళ్లు లేవు.

కాగులో కుండ, కుండలో గిన్నె, గిన్నెలో టీ ఆకు.
బూట్లలో మేజోళ్లు, మేజోడులో సూదులడబ్బా.
గలీబు నిండా ఎండాకాలం బట్టలు కుక్కి దిండు చేసింది.
మే నెలలో అవి లేస్తాయట,
గొర్రెతోలు కోటు పడుకుంటుందట.

చివరికి ఒక తాడు తీసింది.
గుర్రపు వెంట్రుకలతో పేనింది,
చేతులు పట్టి పట్టి నున్నబడింది.
గుడారం నడినెత్తి నుంచి వేలాడేదట.
గాలి రేగిన రాత్రుల్లో ఇంటిల్లిపాదీ దాన్ని పట్టుకుని
ఇంటిని నేలమీద ఉంచేవాళ్లట.

"ఇది కాంక్రీటు అవ్వా, ఎగరదు."
"ఎగరదని కట్టినవాడు కాగితం రాసిచ్చాడా?"

కప్పుకి కన్నం వేశాను. దుమ్ము నా కనుబొమల మీద రాలింది.
కొక్కెం బిగించి తాడు వేలాడదీశాను.
"దీనికేం తగిలించమంటావు?"
"ఏమీ వద్దు."
ఒకసారి లాగి చూసింది, ఊరికే,
తర్వాత నా చేతికిచ్చింది.
నేనూ లాగాను.
ఏడంతస్తులు కదల్లేదు.

కూలికి తోడు ఎండు పెరుగుబిళ్లలు పొట్లం కట్టిచ్చింది.
ఒకటి బుగ్గన పెట్టుకుని బస్సెక్కాను.
దిగేదాకా కరగలేదు.

మా ఇంటికీ నాలుగు మూలలున్నాయి.
ఒకదాంట్లో నా భార్య ఖండ్మా కుట్టుమిషను,
రెండేళ్లుగా దాని నెత్తిన మడతపెట్టని బట్టలు.
బట్టలు మంచం మీదేసి, మిషను లాగి
గది మధ్యలో పెట్టాను.
రాత్రి మంచినీళ్లకి లేచి ఖండ్మా దానికి కాలు కొట్టుకుంది.
నన్నూ, మా అమ్మనీ, నా డ్రిల్లునీ కలిపి తిట్టింది.

పొద్దున్న చూస్తే
సూదికి ఎర్రదారం ఎక్కించి ఉంది.
మా ఇంట్లో ఎర్రబట్ట ఒక్కటీ లేదు.