పద్నాలుగు వాటాలు

ఫిబ్రవరి వచ్చిందంటే మా జట్టు సగమైపోతుంది.
గుంటూరు యార్డుకి మిర్చి దిగుతుంది,
కుడివైపు ఆడే బాజీ
టిక్కీల కింద దూరతాడు.

బెంచీ మీద ఎవరున్నారో లెక్కేద్దామని
ఏటుకూరు రోడ్డు టీ బండి దగ్గర చేరాం.
రెండు వేళ్లతో అయిపోయింది లెక్క.
అందులో ఒక వేలికి ఇంటర్ పరీక్షలు.

"తెనాలి కుర్రాణ్ణి తెద్దాం," ఖాజావలి మొదలెట్టాడు,
"రెండు కాళ్లతోనూ కొడతాడు.
జత బూట్లు, మ్యాచికి మూడొందలు, బిర్యానీ."
"ముందు గోలీని మార్చండ్రా," ఏసుపాదం లేచాడు,
"పోయిన మ్యాచిలో బంతి కోసం
జారిన కోడిపిల్ల వెంట పడ్డట్టు పడ్డాడు."
డబ్బెక్కడిదని ఎవరూ అడగలేదు.
చందా పుస్తకం టీ గ్లాసు కింద తడుస్తోంది.

అప్పుడొచ్చాడు బాజీ,
మెడ నిండా ఎర్ర దుమ్ముతో.
కూర్చోగానే అందరం తుమ్మాం.
తన చోటికే మనిషిని వెతుకుతున్నామని
చెప్పకుండానే తెలిసిపోయింది.

సగం టీ తాగి అన్నాడు:
"మా ముఠాలో పద్నాలుగు మందిమి.
ఒకడికి నడుం పట్టేస్తే
వాడి టిక్కీలు మిగతావాళ్లం మోస్తాం.
వాటాలు మాత్రం పద్నాలుగే."

ఖాజావలి కాసేపాగి,
"మీకు ఆఫ్‌సైడు ఉండదుగా," అన్నాడు.
కళ్లు మండుతూనే నవ్వాం.

బుధవారం పది మందే దిగారు.
కుడివైపు వచ్చిన బంతికి
ఒకసారి ముగ్గురు పరిగెత్తారు,
ఒకసారి ఎవరూ లేరు.

నాలుగు గోల్స్ తిన్నాం.
తెనాలి నంబరు
నా చొక్కా జేబులోనే ఉంది.