సొత్తు వివరాలు

ఫారాల మీద ప్రకాశం కొట్టేసి
నెల్లూరు అని రాసుకుంటున్న రోజులవి.
కందుకూరు ఉన్నచోటే ఉంది,
జిల్లానే దాని కింద నుంచి జరిగిపోయింది.

స్టేషన్‌లో రైటర్ని నేను.
పంతొమ్మిదేళ్లుగా పోయినవాటి పోలికలు రాస్తున్నాను:
గేదెకైతే కొమ్ముల వంపు,
గొలుసైతే ఎన్ని సవర్లు,
బండైతే ట్యాంకు మీద సొట్ట ఎటువైపు.

"ఏం పోయింది?"
"కాయిన్లు" అన్నాడు మాలకొండయ్య.
"రాగివా, వెండివా?"
"కంటికి ఆనవంట సార్. ఫోన్లో ఉంటయ్యంట."

బ్యారను దగ్గర కాలిన చెయ్యి అది,
పొగాకు ఈనె తడిమి గ్రేడు చెప్పే చెయ్యి.
కిలోకి రెండు రూపాయలు తగ్గిందని
వేలంలో బేలు వెనక్కి లాక్కున్న మనిషి,
తడమడానికేమీ లేనిచోట
నాలుగు లక్షలు పోసి వచ్చాడు.

రంగు: లేదు. బరువు: లేదు. ఆనవాళ్లు: లేవు.
విలువ అన్న గడిలో పెన్ను ఆగింది.
నిన్నటిదా, ఇవాళ్టిదా?

కంపెనీ పామూరు రోడ్డులో, టైర్ల కొట్టు పైన.
పేరు మన్నేరు కాయిన్.
ఏట్లో చుక్క లేకపోయినా
వాళ్ల గోడ మీది తెరలో గీత మాత్రం
రోజూ ఎగువకే పారేదంట.

ఎం.డి. సుంకర ప్రభుకుమార్ పారిపోలేదు.
ఇదివరకు వాటర్ ప్లాంటు పెట్టి ఎత్తేసినవాడు.
బెంచీ మీద కూచుని ఇడ్లీ తింటూ
"నేను వాడుకుంది సగమే సార్" అంటాడు నిజాయితీగా.
"మిగతా సగం ఉంది. తెరవాలంటే పన్నెండు మాటలు కావాలి.
బిర్యానీ పొట్లం కాగితం మీద రాసి పెట్టా.
చిమ్మే ఆమె చిమ్మేసింది."

ఏడు గుర్తున్నాయట.
రాత్రంతా లాకప్పులో వల్లె వేస్తున్నాడు,
ఇంగ్లీషులో గొడుగంటాడు, తాబేలంటాడు,
ఎనిమిదో మాట దగ్గర గొంతు పట్టేస్తుంది.
పేకాట కేసు వాళ్లు పాపం అందిస్తున్నారు:
"ఏనుగేమో?"
"కాదు."
"చెంబు?"

నాలుగొందల ఇరవై పోయి
మూడొందల పద్దెనిమిది వచ్చింది.
మోసానికి నంబరు తగ్గింది, అంతే.
తెలివితక్కువతనానికి సెక్షను లేదు,
ఉంటే బయట ఎవరు మిగుల్తారు?

సంతకాలు ఇరవై మూడు.
సర్వీసంతా ఒక్క రూపాయి చిల్లర తేడా రానివ్వని
కండక్టరు మస్తాన్‌ది కూడా.
ఇరవై నాలుగో గీత మీద పెన్ను పెట్టి తీసేశాను.
రీఫిల్ అయిపోయిందన్నాను కానిస్టేబుల్తో.
యాభై వేలు. ఇంట్లో తెలీదు.

చీకటి పడ్డాక పెంచలమ్మ వచ్చింది,
గుడ్లూరు పక్క షెడ్డులో రొయ్య తలలు తీసే మనిషి,
వేళ్ల చివర్లు నాని తెల్లబడ్డాయి.
సంచిలోంచి కంపెనీ సర్టిఫికెట్టు తీసింది.
సొంతంగా నలభై రూపాయలు పెట్టి
లామినేషన్ చేయించిందట, చెమ్మ తగలకుండా.

సాక్ష్యం కింద అది తీసుకుని రసీదిచ్చాను.
అటు తిప్పి ఇటు తిప్పి చూసి
"దీనిక్కూడా అట్టా వేపిస్తే మంచిదా అయ్యా?" అంది.

పోస్టాఫీసు ఎదురు జెరాక్సు కొట్టు
ఎనిమిదింటి దాకా ఉంటుందని చెప్పాను.