ముప్పై ఒకటో తారీఖు

పాల లెక్క రాసే క్యాలెండరు మీదే
పెన్సిలుతో కూరా రాస్తాను.
సోమవారం అరటిదూట, పెసరపప్పు వేసి.
మంగళవారం పనస పిక్కలు:
తొనలు తిన్నది పక్కింటివాళ్లు, పిక్కలు మనవి.
బుధవారం ములగాకు. గోడ దాటి మా వైపు వంగింది కొమ్మ,
అయినా అడిగే కోశాను.

చేపలకి పొద్దున్న వెళ్లను.
రాజోలు బజార్లో దీపాలు పెట్టే వేళకి
ఐసూ కరుగుతుంది, బేరమూ కరుగుతుంది.
వీరవేణి తట్టలో మిగిలిన పరిగెలు నాకోసమే కుప్ప.
"పుస్తెలమ్మి పులస తినమన్నాడే,
వాడి మెడలో పుస్తెలున్నాయా?" అంటే
పకపకా నవ్వి గుప్పెడు ఎక్కువేసింది.

రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే
తెల్లారి గ్యాసు వెలిగించక్కర్లేదు.
ఉల్లిపాయ మాత్రం కొనాల్సిందే.
దానికింకా ఉపాయం దొరకలేదు.

ఆయన జీతం ముప్పై రోజులకి కొలిచి చింపిన గుడ్డ.
ముప్పై ఒకటి వచ్చిన నెల్లో
ఆ గడి ఖాళీగా వదిలేస్తాను.

ఆ రోజు బుట్ట బోర్లిస్తే
సగం సొరకాయ, ముదిరిన బెండకాయలు రెండు,
చిలగడదుంప ముక్క,
డబ్బా అడుక్కి అంటుకున్న బెల్లం.
పిండేసిన చింతపండునే మళ్లీ పిసికి
అన్నీ ఒకే గిన్నెలో పులుసు.

చిన్నాడు కంచం ఎత్తి తాగేశాడు.
"ఇది ఏ వారం కూరమ్మా? మళ్లీ ఎప్పుడు?"
కాగితం తిప్పి చూశాను.
వచ్చే నెలకి ముప్పయ్యే.

పాపం, వాడి మొహం చిన్నబోయింది.