ఒక పేజీకి మించకుండా

నుగ్జార్ మాస్టారు బోర్డు మీద రాశారు:
'జనాభా లెక్కల అధికారి అబద్ధమాడాడా?
కథలోంచే ఆధారం చూపాలి. ఒక పేజీకి మించకూడదు.
నేను అనే మాట వద్దు.'

రాత్రి బడి వదిలేసరికి తొమ్మిదిన్నర.
చియతూరా లోయ మీద ఆఖరి రోప్‌వే పెట్టె నాదే.
గనివాళ్లను అవతలి కొండ మీద దింపి
మోటారు చల్లారేదాకా
టికెట్ల గదిలో కూర్చుని రాయాలి.
యాభై మూడేళ్ల వేళ్లు. ఎంత తోమినా
గోళ్లలో మాంగనీసు నల్లగీత.

కథ చిన్నదే. కొండ మీద ఇల్లు, మోకాలి లోతు మంచు.
ఇంట్లో ఎందరని అధికారి అడుగుతాడు.
ఏడుగురం, అంటుంది ముసలావిడ.
అతనికి కనిపించేది నలుగురే.
మూలల్లోకి చూస్తాడు, అటక మీదికి చూస్తాడు,
పెట్టిన సూప్ తాగుతాడు,
ఏడు అని రాసుకుని కొండ దిగిపోతాడు.
అంతే కథ.

'ఇందులో రచయిత చెప్పదలచుకున్నది ఏమిటంటే' అని మొదలెట్టాను.
కొట్టేశాను. చెప్పదలచుకుంటే ఆయనే చెప్పేవాడుగా.
'యుద్ధంలో పోయిన బిడ్డల్ని మరవలేని మాతృహృదయం' అన్నాను.
అదీ కొట్టేశాను. అది సమాధి రాయికి బాగుంటుంది.
పైగా కథలో యుద్ధం లేదు,
నా సంచిలోంచి తీసి పెట్టింది నేనే.

నేను వద్దంటే ఎలా?
తలుపులోంచి గెంటితే
క్రియలో ఎక్కడో దూరి కూర్చుంటుంది.

నాకూ లెక్కలు తెలుసు.
నా పెట్టెలో ఎనిమిది మందికే అనుమతి.
ఒక ఫిబ్రవరి రాత్రి తొమ్మిదిమందిని ఎక్కించాను.
తొమ్మిదో మనిషి మ్జేవినార్, నొప్పులతో.
కరెంటు పోయి రెండు గంటలు గాల్లో వేలాడాం.
ఎక్కింది తొమ్మిది, దిగింది పది,
పుస్తకంలో ఎనిమిది.
వీటిలో ఏ అంకె అబద్ధమో ఇప్పటికీ తేల్చలేను.
కానీ అది కథలో లేదు. రాయలేదు.

మళ్లీ చదివాను, ఈసారి టికెట్లు చించే కళ్లతో.
మూడో పేజీలో, అధికారి తలుపు తట్టకముందే,
ఎవరికీ పనికిరానట్టు ఒక వాక్యం:
'గట్టు మీద ఆరు చెంచాలు ఆరుతున్నాయి.'

ఆరు.
నాలుగూ కాదు, ఏడూ కాదు.
ఉన్నవాళ్లు నలుగురు, లేనివాళ్లు ఇద్దరు అనుకుందాం.
మరి ఏడో మనిషి?

వీపు మీద చలి పాకింది. హీటరు ఆగిందనుకున్నాను.
ఆగలేదు.

ముసలావిడ అతన్నీ కలిపేసుకుంది,
గుమ్మంలో మంచు దులుపుకుంటున్నవాణ్ని.
సూప్ సగంలో ఉండగా అతనికది తెలిసింది.
'చెంచా కాసేపు గాల్లో నిలిచింది' అని కథ ఊరికే అనలేదు.

రాశాను:
'అధికారి అబద్ధమాడలేదు. తనను కూడా లెక్కపెట్టాడు.
ఆధారం: మూడో పేజీ, చెంచాలు.'
పేజీ ముప్పాతిక ఖాళీ. ఉండనీ.

గురువారం కాగితం తిరిగొచ్చింది.
అక్షరదోషాలు మూడు. ముగింపు ఏదీ అని ఎర్ర గీత.
అడుగున పెన్సిలుతో, చెరిపితే పోయేంత సన్నగా:
'పంతొమ్మిదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను,
చెంచాలు లెక్కపెట్టలేదు.
అయితే లమ్జిరా,
ఏడో చెంచా అప్పటికే ఎవరి నోట్లోనో ఉంటే?'

ఉంటే?

పొద్దున్న మొదటి పెట్టెలో మాస్టారు ఎక్కారు.
మఫ్లరు ముక్కుదాకా. ఒక్క మాట లేదు.
కేబుల్ మూలిగింది, కింద నది నల్లగా కదిలింది.
ఐదుగురు అని రాయబోయి ఆగాను.
ఇరవై ఆరేళ్లుగా ఈ పుస్తకం నింపుతున్నాను,
ఏ రోజూ
నన్ను కలుపుకోలేదు.